ఏడవడానికి సంగారెడ్డి వెళ్ళాను

మా తెనాలిలో నన్ను ఏడుపు సుభాషిణి అంటారు. వెనకాల కాదు, ముఖం మీదే అంటారు. పగలంతా జాకెట్లు కుట్టుకుంటాను, పరిషత్తు పోటీలొస్తే నాటకాలు వేస్తాను. కొడుకు జైలుకెళ్ళిన తల్లి, అప్పులాళ్ళ కాళ్ళు పట్టుకునే ఇల్లాలు, ఇలాంటి వేషాలన్నీ నావే. గ్లిజరిన్ సీసా ముట్టకుండా ఏడుస్తానని నాకు కాస్త పొగరు కూడా ఉంది. అలాంటి నాకు మా చెల్లెలి కూతురు మాధవి ఫోన్ చేసి, పెద్దమ్మా, మా కాలేజీకొచ్చి వారం రోజులు పన్ను నొప్పితో ఏడవాలి అంది. ముందు ఎగతాళి అనుకున్నాను.

ఎగతాళి కాదట. మాధవి సంగారెడ్డి దగ్గర, హైవే పక్కనున్న పళ్ళ డాక్టర్ల కాలేజీలో పాఠాలు చెబుతుంది, పరిశోధన కూడా చేస్తోంది. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు పన్ను నొప్పని వస్తారు. రూట్ కెనాల్ మొదలుపెడతారు. మొదటిసారి వచ్చినవాళ్ళలో చాలామంది రెండోసారి రారు. సగంలో వదిలేసిన పన్ను కొన్నాళ్ళకి చీలిపోతుంది, ఇక పీకెయ్యడమే. ఎందుకు రారు? పిల్ల డాక్టర్లకి రోగితో మాట్లాడ్డం రాకపోవడం వల్లేనని మాధవి అనుమానం. అందుకని అసలు రోగుల దగ్గరికి పంపేముందు నకిలీ రోగుల మీద మాటలు నేర్పించాలని పూనుకుంది. కాలేజీలో పెద్దవాళ్ళు నవ్వారట. డాక్టరుకి చెయ్యి తిరిగితే చాలదా, ఈ నాటకాలెందుకని. నాటకాలన్న మాట వినగానే నాకు రోషమొచ్చి టిక్కెట్టు తీయించాను.

లింగంపల్లి నుంచి పటేల్‌గూడ

లింగంపల్లి స్టేషన్లో దిగగానే ఆటోవాడు చెప్పిన కిరాయి విని, ఇదేమన్నా విమానమా నాయనా అని బస్సెక్కాను. పొదుపు చేశానన్న ఆనందంలో చెల్లెలి ఇంటికి బీరంగూడ దగ్గర దిగాల్సిన సంగతే మర్చిపోయాను. బస్సు నన్ను తీసుకెళ్ళి పటాన్‌చెరులో దింపింది. ఎటు చూసినా లారీలు, కంటైనర్లు, టిఫిన్ క్యారేజీలు పట్టుకుని పరుగెత్తే మనుషులు. హెల్మెట్ పెట్టుకున్న ఒక బీహారు కుర్రాడు నా సంచీ అందుకుని రోడ్డు దాటించాడు. నా హిందీ అంతా టీవీ సీరియళ్ళది కాబట్టి అతనికి మహారాణుల భాషలో ధన్యవాదాలు చెప్పాను. అతను నవ్వు ఆపుకుంటూ షేర్ ఆటో ఎక్కించాడు. చివరికి లింగంపల్లి ఆటోవాడు అడిగినదానికంటే ఎక్కువే అయింది. అతి తెలివికి అంత శాస్తి కావాల్సిందే.

మా చెల్లెలు రమ, మరిది ప్రసాదు గారు పటేల్‌గూడలో ఉంటారు. మా మరిది చిన్న వయసులో మా వైపు నుంచి ఇక్కడి పెద్ద ఇంజనీరింగ్ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో మా కృష్ణా డెల్టా భాష, గడప దాటితే ఈ ఊరి భాష. కూరలమ్మే ఆవిడ "పుంటికూర తీస్కో అక్కా" అంటే రమ చక్కగా "జెర తక్కువకియ్యి" అని బేరమాడుతుంటే నోరెళ్ళబెట్టి చూశాను. పుంటికూరంటే మన గోంగూరే. మనం కారాలు దట్టించి పచ్చడి నూరతాం, వీళ్ళు పప్పులో వేసి జొన్నరొట్టెతో తింటారు. మొదటి రోజు మొహమాటానికి తిన్నాను, మర్నాటి నుంచి అడిగి పెట్టించుకున్నాను.

నా వేషం, వాచ్‌మన్ జాలి

కాలేజీకి వేషం కట్టుకునే వెళ్ళాను. బుగ్గలో దూది కూరి, పసుపు పట్టించి, గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి తువ్వాలు కట్టాను. గేటు దగ్గర వాచ్‌మన్ చూసి, అయ్యో అవ్వా అంటూ చక్రాల కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాడు. దూది వల్ల నా మాట బయటికి రాలేదు. వచ్చినా వినేలా లేడు. క్యూ దాటించి తోసుకుపోయి, పళ్ళు పీకే గదిలో కుర్చీ ఎక్కించాడు. అక్కడి డాక్టరు సూది పట్టుకుని వస్తుంటే దూది ఊసేసి, బాబూ నేను నటిని అన్నాను. ఆయన నా పిచ్చికి మందు ఏ విభాగంలో దొరుకుతుందా అన్నట్టు చూశాడు. మాధవి పరుగెత్తుకొచ్చింది కాబట్టి నా పళ్ళు నాకు మిగిలాయి.

క్లాసు మాత్రం బ్రహ్మాండం. హౌస్ సర్జన్లు ఒక్కొక్కరే వచ్చి నన్ను రోగి అనుకుని మాట్లాడాలి. పేరు చెప్పుకోవాలి, నొప్పి ఎక్కడో అడగాలి, ఏం చేయబోతున్నారో తేలిక మాటల్లో చెప్పాలి. చివర్లో తప్పకుండా, నొప్పేస్తే ఎడమ చెయ్యెత్తండి, వెంటనే ఆపేస్తాను అనాలి. ఈ వాక్యం విదేశీ పరిశోధనలు చదివి మాధవి తెలుగులో పెట్టుకున్నది. నేను చెయ్యెత్తాను, కొంగు నోట్లో కుక్కుకున్నాను, నా పళ్ళతోపాటు నా బతుకు కూడా రాలిపోతోందని వలవలా ఏడ్చాను. ఒక అబ్బాయి నాతోపాటు ఏడ్చేశాడు. తెనాలి స్టేజి మీద కూడా నాకు అంత గౌరవం దక్కలేదు.

ఆ పిల్లలందరిలో స్వప్న అని గుమ్మడిదల అమ్మాయి నన్ను ఆకట్టుకుంది. వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇంగ్లీషులో చదివిన పాఠాన్ని గుక్క తిప్పుకోకుండా ఇంటి మాటల్లోకి దించేస్తుంది. పన్ను లోపల పురుగు లేదవ్వా, నరం వాచింది, దాన్ని తీసేసి శుభ్రం చేస్తం, పన్ను నీదే ఉంటది అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈ పిల్ల నోరు చూసి ఈ ఊరు మంచిదని నమ్మేశాను.

మల్లేశం కూర్చున్న కుర్చీ

గురువారం నాడు స్వప్నకి అసలు రోగిని అప్పగించారు. పేరు మల్లేశం, ఊరు భానూర్. నలభై దాటిన మనిషి, ఫ్యాక్టరీలో ఇనుప సామాన్లు తయారుచేసే పెద్ద షెడ్డులో పని, దాన్నే వాళ్ళు షాపు అంటారు. ఎడమవైపు నమిలే పళ్ళు ఎప్పుడో పీకించేసుకున్నాడు. ఇప్పుడు కుడివైపు కింద దవడ పన్ను నొప్పి మొదలైంది. ఇదీ పోతే ఇక అన్నం మెత్తగా పిసుక్కుని మింగడమే. అయినా వస్తూనే పీకెయ్యమన్నాడు. స్వప్న పక్కన కూర్చుని, ఈ పన్నుని నిలబెట్టొచ్చు, సోమవారం ఇంకోసారి రావాలి, తర్వాత క్యాపు పెడితే ఏళ్ళ తరబడి నములుకోవచ్చని నచ్చజెప్పింది. అతని అనుమతితోనే నేను మూలన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను.

స్వప్న నేర్చుకున్నదంతా అక్షరం పొల్లుపోకుండా చేసింది. సూది వేసింది, ఆగింది, "నొప్పి లేస్తే చెయ్యెత్తు కాకా, బంద్ చేస్త" అంది. అతను తలూపాడు. మిషను మొదలైంది. నరం వాచిన పన్నుకి ఒక్కోసారి మత్తు మందు సరిగా ఎక్కదని తర్వాత మాధవి చెప్పింది. నేను అతని ముఖం చూస్తున్నాను. రాయిలా ఉంది. కన్ను చెమర్చలేదు, చెయ్యి కుర్చీ మీంచి కదల్లేదు. స్వప్న ముఖం చూసింది, చెయ్యి చూసింది, నొప్పి లేదనుకుని సాగించింది. నాకెందుకో కాళ్ళవైపు చూడాలనిపించింది. రెండు కాళ్ళ వేళ్ళూ ముడుచుకుపోయి, పిక్కలు బిగుసుకుని వణుకుతున్నాయి. ఆపమ్మా అని లేచాను.

స్వప్న ఆపేసింది. అతని చొక్కా వీపంతా తడిసిపోయింది. ఏం లేదు, కానియ్యమన్నాడు. ఇంకో సూది వేసి, లోపల మందు పెట్టి, పన్ను మూసి, సోమవారం పొద్దున రమ్మన్నారు. అతను నోరు కడుక్కుని, గుమ్మం దాకా వెళ్ళి, స్వప్నవైపు తిరిగి మెల్లగా చెప్పాడు.

"కోపం కాదు బిడ్డా. ఇగ నేను రాను. పటాన్‌చెర్ల పీకేటోడున్నడు, ఒక్కపారే పోతది."

స్వప్న చేతి తొడుగులు కూడా తీయకుండా అక్కడే ఏడ్చింది. అది నటన కాదు. నొప్పంటే ఏడుపని, చేతులు విసరడమని ఈ పిల్లలకి రెండు రోజులుగా నేర్పింది నేనే కదా. చప్పట్లకి మురిసిపోయి తిరిగాను. నా నటన మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

రమ ఇంటి భోజనాల బల్ల

ఆ సాయంత్రం బల్ల దగ్గర మాధవికి ముద్ద దిగలేదు. చెయ్యెత్తమని చెప్పాం కదా నాన్నా, ఎందుకు ఎత్తలేదు, అంత నొప్పి భరించడమేమిటి అని అడిగింది. మా మరిది మజ్జిగ కలుపుకుంటూ, అతను షాపులో ఏం పనిచేస్తాడని అడిగాడు. క్రేను కింద నిలబడి సైగలు చేస్తాడట అన్నాను. మా మరిది గిన్నె కింద పెట్టేసి నవ్వాడు.

"వదినగారూ, వాడు చచ్చినా ఎత్తడు. వాడి బతుకంతా చెయ్యి ఊరికే ఎత్తకూడదనే కదా నేర్చుకుంది."

అప్పుడు విడమరిచి చెప్పాడు. షాపులో మోతకి పక్కవాడి మాట వినపడదు. పైన క్రేను నడిపేవాడు, కింద సైగ చేసేవాడు, మధ్యలో లారీ అంత బరువు. పైకి, కిందికి, కొంచెం కొంచెంగా, అన్నీ చేతులతోనే. మామూలు సైగలు ఆ ఒక్క మనిషే చెయ్యాలి. కానీ చెయ్యెత్తి అరచెయ్యి చూపిస్తే మాత్రం, ఎవరు చూపించినా క్రేను ఆగి తీరాలి. ఎవడో నలిగిపోతున్నాడనో, గొలుసు తెగుతోందనో అర్థం. అందుకని ఎంత కష్టమొచ్చినా, చెమట కళ్ళలో పడినా, క్రేను షాపులో చెయ్యి లేవదు. మా మరిది కొత్తగా చేరినప్పుడు దూరంగా కనపడ్డ స్నేహితుణ్ణి చూసి చెయ్యూపాడట. బరువు గాల్లో ఆగిపోయింది. ఫోర్‌మన్ పెట్టిన చీవాట్లు ఇప్పటికీ కలలోకొస్తాయన్నాడు.

మాధవి కంచం పక్కకి జరిపింది. ఆ వాక్యాన్ని ఎక్కడో సముద్రాల అవతలి పరిశోధనల్లోంచి తెచ్చి ఈ పిల్లలకి నేర్పాను, చెయ్యెత్తడమంటే ఇక్కడ ఏమిటో ఎదురుగా ఉన్న నాన్నని అడగలేదు అంది. మా మరిది కూతురి కంచంలో ఇంకొంచెం పెరుగు వేశాడు. మా అమ్మాయిలో నాకు నచ్చేదేమిటంటే, తప్పు తెలిశాక దాన్ని కప్పుకోదు. శుక్రవారం క్లాసులో ఈ సంగతంతా పూసగుచ్చినట్టు పిల్లలకి చెప్పేసింది.

ఆ రోజు నేను వేషం మార్చాను. దూది లేదు, తువ్వాలు లేదు. కుర్చీలో బిగుసుకుని కూర్చుని, ఏది అడిగినా ఏం లేదు అన్నాను. అంతే నా డైలాగు. ఇన్నేళ్ళలో నాకంత కష్టమైన వేషం తగల్లేదు. పిల్లలు మొదట్లో తికమకపడ్డారు. మధ్యాహ్నానికల్లా ఒకరు నా కాళ్ళు చూస్తున్నారు, ఒకరు నా ఊపిరి గమనిస్తున్నారు, ఇంకొకరు నేనేం పని చేస్తానో ముందే అడిగి, ఆ పనిలో ఆపమని ఎలా చెప్పుకుంటారో అడుగుతున్నారు. అంత తొందరగా నేర్చుకునే పిల్లల్ని చూస్తే ముద్దొచ్చింది.

పటాన్‌చెరు: నమిలే యంత్రం

శనివారం మాధవి నన్ను పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో క్యాపులు తయారుచేసే ల్యాబుకి తీసుకెళ్ళింది. కాలేజీవాళ్ళూ ల్యాబువాళ్ళూ కలిసి అక్కడ ఒక పరీక్ష నడుపుతున్నారు. బరువులెత్తేవాళ్ళు పళ్ళు గట్టిగా బిగబడతారు కదా, అలాంటివాళ్ళకి ఏ క్యాపు తట్టుకుంటుంది అని. అందుకొక నమిలే యంత్రం ఉంది. నీళ్ళ తొట్టిలో లోహపు క్యాపులు, పింగాణీవి, జిర్కోనియా అనే తెల్ల పదార్థంతో చేసినవి వరసగా పెట్టారు. యంత్రం వాటిని టకటకమని నొక్కుతూనే ఉంటుంది. అన్నం లేదు, పప్పు లేదు, ఉత్త నమలడమే. దాన్ని చూస్తుంటే నా దవడలు నొప్పెట్టాయి.

జిర్కోనియా బిళ్ళని మిషను చెక్కుతుంటే సుద్దముక్కలా పొడి రాలింది. ఇంత మెత్తనిది ఏం నమలగలదమ్మా అన్నాను. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి, దీన్ని కావాల్సినదానికంటే పెద్దగా చెక్కుతామని, కొలిమిలో పెట్టాక కుంచించుకుని రాయిలా గట్టిపడి సరిగ్గా పన్ను కొలతకి వస్తుందని చెప్పింది. నాకు వెంటనే అర్థమైంది. నీళ్ళలో పడితే కుంచించుకుపోయే కాటన్ గుడ్డకి మేమూ వదులు పెట్టే కత్తిరిస్తాం. ఆ అమ్మాయి తను చెక్కిన పన్ను నా అరచేతిలో పెట్టింది. గుంటలు, గట్లు, అచ్చం అసలు పన్నే. ఇలాంటిదొకటి మల్లేశానికి పెట్టాలి, కానీ ముందు అతను రావాలి కదా అని మాధవి నిట్టూర్చింది.

ఫ్యాక్టరీ గేటు

మల్లేశం ఫోన్ స్విచాఫ్. సాయంత్రం షిఫ్టు మారే వేళకి స్వప్న స్కూటీ మీద వచ్చింది. ఆ అమ్మాయీ నేనూ ఫ్యాక్టరీ గేటు ఎదుట చాయ్ బండి దగ్గర కాపు వేశాం. కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉన్న బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తిన్నాను. మా ఊళ్ళో బిస్కెట్టు పేషెంట్లకి పెడతారు, ఇక్కడ అదే ఫలహారం. పక్కన జొన్నరొట్టెలు తట్టే ఆవిడ మేము ఎవరికోసం చూస్తున్నామో కనుక్కుని, మల్లేశమన్న రెండు రోజులుగా రొట్టె ముడతలేడని, చాయ్ తాగి పోతున్నాడని చెప్పింది. ఆ మాటకి స్వప్న ముఖం మాడిపోయింది.

అతను మమ్మల్ని చూసి నొచ్చుకున్నాడు. ఇంత దూరం ఎందుకొచ్చిండ్రంటూనే ముందు మాకు చాయ్ చెప్పాడు. స్వప్న క్షమాపణ చెప్పి, చెయ్యెత్తడం సంగతి తెలిసిందని, తనకి షాపు సైగలు నేర్పమని అడిగింది. అతను సిగ్గుపడ్డాడు. తోటి పనివాళ్ళు గుమిగూడి, నేర్పు మల్లేశన్నా, క్రేను డాక్టరమ్మ అయితదని ఆటపట్టించారు. చివరికి నేర్పాడు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా తెచ్చి మెల్లగా ఆడిస్తే కొంచెం కొంచెంగా. వేలు తిప్పుతూ పైకి చూపిస్తే పైకి. అరచెయ్యి ఎత్తితే ఆపు. స్వప్న చాయ్ గ్లాసు పక్కన పెట్టి అన్నీ చేసి చూపించింది. అప్పుడు సూటిగా అంది.

"కాకా, సోమారం నువ్వు కింద నిలబడ్డట్టే. నేను క్రేను. నువ్వు ఎట్ల చూపిస్తే గట్ల నడుస్త. చెమట పట్టినా చెయ్యెత్తు, దురద పెట్టినా ఎత్తు. నేనేం తిట్టను."

అతను గ్లాసులో అడుగున మిగిలిన చాయ్ పారబోసి, "సూస్త" అన్నాడు. మా వైపు చూద్దాం అంటే సగానికి సగం రాడనే అర్థం. ఇక్కడ కూడా అంతేనా అని దారిలో అడిగాను. ఎట్లనన్న కావొచ్చు అంది స్వప్న. మర్నాడు గుమ్మడిదల చర్చిలో అతని పేరున ప్రార్థన చేయించిందట. నేను రమ ఇంట్లో దేవుడి ముందు ఒక దీపం ఎక్కువ పెట్టాను. ఒక్క దవడ పన్నుకి ఇద్దరు దేవుళ్ళని కదిపాం.

సోమవారం

చెప్పిన వేళ దాటిపోయింది. స్వప్న పరికరాలు సర్ది, మళ్ళీ సర్ది, మళ్ళీ సర్దింది. నాటకాలెందుకని నవ్విన పెద్ద డాక్టర్లలో ఒకాయన అటుగా వచ్చి, ఏమ్మా, రాలేదా మీ పేషెంటు అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. మాధవి నావైపు చూడలేదు. నేను మనసులో ఆ పటాన్‌చెరు పళ్ళు పీకేవాణ్ణి నానా తిట్లూ తిట్టుకున్నాను, వాడెవడో నాకు తెలియకపోయినా.

అప్పుడొచ్చాడు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోకుండా, ఫ్యాక్టరీ బట్టల్లోనే. బుగ్గ కాస్త వాచి ఉంది. చెప్పులు విడిచి కుర్చీ ఎక్కాడు. స్వప్న స్టూలు దగ్గరికి లాక్కుంది. సూది వేసింది, వేలితో తట్టి చూసింది, ఇంకా కాసేపు ఆగింది. కుర్చీ మీద అతని చెయ్యి తనకి కనపడేలా దీపం జరిపింది. మిషను మోగింది. అది ఇంకా పన్నుకి తగలనేలేదు.

మల్లేశం చెయ్యి లేచింది. అరచెయ్యి, నిటారుగా.

స్వప్న మీట మీంచి కాలు తీసేసింది. మిషను ఆగింది. నీళ్ళు పీల్చే గొట్టం పట్టుకున్న అబ్బాయి అదీ ఆపేశాడు. పక్క కుర్చీలో డాక్టరు కూడా ఏమైందోనని చెయ్యి ఆపి ఇటు చూశాడు. స్వప్న వంగి, నొప్పి లేసిందా కాకా అని అడిగింది.

అతను ఆగిపోయిన మిషనుని చూశాడు, స్వప్న కాలు చూశాడు, నన్ను చూశాడు. నోట్లోని గొట్టం పక్కకి తీసి నిదానంగా చెప్పాడు.

"నొప్పేం లేదు బిడ్డా. పెద్ద బరువు లేపే ముందుగాల జెర ఎత్తి, ఆపి సూస్తం, బ్రేకు పడుతదా లేదా అని. పడ్డది. ఇగ నడిపియ్."

చెప్పి, నోరు తెరిచాడు.